ఎవరికీ చెప్పని నంబరు

"చేతులు ఖాళీ లేవని చెప్పమంటావా మీ సార్‌తో?" అని అడిగింది నసీమా బేగం, సెల్‌ఫోను మీద అరచెయ్యి మూసి.

నిజంగానే ఖాళీ లేవు. కోడలు సుమయ్య పెరట్లో నాపరాయి ముందు గొంతుక్కూర్చుని, బూడిద అద్దిన కొర్రమీనుని రాయికేసి తోముతోంది. మోచేతుల దాకా జిగురు, పొలుసు. ఆదివారం కాబట్టి మొగుడు జాహిద్ కొట్టు కట్టేసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. వచ్చేసరికి పులుసు పొయ్యి దిగి ఉండాలి. తరవాత మాట్లాడతానని చెప్పించొచ్చు. కానీ ఫోను చేసింది జనరల్ మేనేజరు వెంకటరమణ గారు. పెద్దాయన, మెత్తటి మనిషి, నోరు తెరిస్తే 'తల్లీ' అనకుండా మాట పూర్తి చెయ్యడు. అటువంటాయన్ని ఆగమనడం ఎలా? "కాస్త పట్టుకోండత్తమ్మా" అంది సుమయ్య. నసీమా బేగం వంగి, ఫోను కోడలి చెవికి ఆనించి నిలబడింది.

"ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నానమ్మా. చిన్న పనుండి బ్యాంకుకొచ్చాను. ఆ అడ్మిన్ పాస్‌వర్డు కాస్త చెబుతావా తల్లీ?"

ఏలూరులో హెడ్డాఫీసు, కలిదిండి నుంచి చింతలపూడి దాకా బ్రాంచీలు ఉన్న సహకార బ్యాంకు అది. సుమయ్య అందులో కంప్యూటర్ ఆఫీసరు. బ్యాంకులో ఎవరి గది తాళం వాళ్ళ దగ్గరుంటే, అన్ని గదులనీ తెరిచే తాళం ఒకటుంటుంది చూడండి, అదీ అడ్మిన్ పాస్‌వర్డంటే. దాంతో లోపలికెళితే ఏ ఖాతాలో దేన్నైనా మార్చొచ్చు. మార్చిందెవరు అంటే 'అడ్మిన్' అని మాత్రమే పడుతుంది. అడ్మిన్ ఎవరయ్యా అంటే సుమయ్య. అలాంటి దాన్ని ఆవిడ పెరట్లో కూర్చుని అక్షరం అక్షరం విడదీసి, ఏది పెద్దక్షరమో ఏది చిన్నక్షరమో వివరించి, ఆయనకు సరిగా వినపడలేదంటే మళ్ళీ మొదట్నుంచీ గట్టిగా చెప్పింది. అత్తగారు వింది. గోడవతల బట్టలుతుకుతున్న పక్కింటివాళ్ళూ వినే ఉంటారు. బ్యాంకు గుట్టంతా ఒక్క చేప తోమేలోపు వీధిన పడిందన్న సంగతి అక్కడ ఎవరికీ తోచలేదు. తోచినా, పెద్దాయన అడిగితే చెప్పననడం గోదావరి జిల్లాలో పుట్టిన ఆడపిల్ల నోటికి వచ్చే మాట కాదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని ముతక సామెత ఒకటుంది, పూర్తిగా చెప్పక్కర్లేదు. సుమయ్య విషయంలో అదే అయింది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది అది. చెరువులు పోయినవాళ్ళ అప్పులు మొండిబాకీలుగా పైకి తేలకుండా ఎవరో వాటి గడువు తేదీలన్నిటినీ మార్చి పొడిగించేశారు. కొన్ని నెలలకు ఆడిటర్లు వచ్చి పట్టుకున్నారు. ఎప్పుడు మార్చారు? ఆదివారం. ఎవరు మార్చారు? అడ్మిన్. మెమో నేరుగా సుమయ్య టేబులు మీదికొచ్చింది.

"ఆ రోజు మీరే ఫోను చేసి అడిగారు కదండీ" అంది ఆవిడ, వెంకటరమణ గారి గదిలో నిలబడి.

"నేనా అమ్మా? నాకు గుర్తు లేదే" అన్నాడాయన, పాపం ఎంతో బాధపడుతూ. "ఏదో పొరపాటు జరిగుంటుంది. నువ్వేం దిగులు పెట్టుకోకు తల్లీ, నేను డైరెక్టర్లకి చెబుతాగా."

ఆయన చెప్పాడో లేదో తెలియదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. డైరెక్టర్లు మాత్రం ఒక్క మాట పట్టుకున్నారు. పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పానని ఈవిడే ఒప్పుకుంటోంది కదా, కాపాడవలసిన బాధ్యత ఈవిడదే కదా అన్నారు. సుమయ్య ఇంక్రిమెంటు ఆపేశారు. సర్వీసు రిజిస్టరులో 'అజాగ్రత్త' అని రాశారు. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే ఉద్యోగం ఉండదని నోటిమాటగా చెప్పి పంపారు.

"అసలు నిన్నెవరు చెప్పమన్నారు?" అన్నాడు జాహిద్ ఇంట్లో. "నేను ఫోను పట్టుకున్నానంతే, అదేంటో నాకేం తెలుసు?" అంది నసీమా బేగం, ఎవరూ అడక్కుండానే.

ఆ తరవాత చాలా రోజులు, బియ్యం ఏరుతున్నా బట్టలు మడతపెడుతున్నా సుమయ్య బుర్రలో ఆ ఒక్క మాటే తిరిగింది. అజాగ్రత్త. ఎవరు అజాగ్రత్త? జాహిద్ ఈమెయిలు పాస్‌వర్డు ఎవరికి గుర్తు? సుమయ్యకి. అత్తగారి బీపీ మాత్ర ఏ వేళకి వెయ్యాలో, కూతురు రేహానా స్కూలు ఫీజు గడువెప్పుడో, కొట్టు కరెంటు మీటరు నంబరెంతో, ఆఫీసులో అకౌంట్సు చూసే ప్రసాదరావు గారు సెలవు పెడితే ఆయన కంప్యూటరు ఎలా తెరవాలో అన్నీ సుమయ్యకే గుర్తుండాలి. ఇంటిల్లిపాదీ, ఆఫీసంతా తాము గుర్తుంచుకోవలసినవన్నీ తెచ్చి ఆవిడ నెత్తిన పడేసి, చేతులూపుకుంటూ తిరుగుతారు. మరి ఆవిడవి? ఆవిడ జీతం ఏటీఎం కార్డు మొదటి నెల నుంచీ జాహిద్ చొక్కా జేబులో ఉంటుంది. దాని నంబరు ఆయన పుట్టిన సంవత్సరం, 'ఇదైతే మర్చిపోవు' అని ఆయనే పెట్టించాడు. ఆవిడ ఫోను మోగితే ఎత్తేది అత్తగారు. ఆవిడ హ్యాండుబ్యాగు తెరిచి చిల్లర తీసుకునేదీ అత్తగారే. పెళ్ళైన కొత్తలో బీరువాలో ఒక్క అరకి తాళం వేసుకుంటానని అడిగింది. "ఏం దాచుకుందామనమ్మా?" అన్నారు, నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వుకి సిగ్గుపడి ఆ ఊసే మళ్ళీ ఎత్తలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అడిగిందల్లా చెప్పెయ్యడమే మర్యాద అని నేర్పి, ఒక్కసారి చెప్పినందుకు అజాగ్రత్త అని రాస్తారా? ఎంత అన్యాయం ఇది. బియ్యంలో రాళ్ళు చేతికి తగులుతున్నా ఆవిడ కంటికి ఆనేవి కావు.

మరుసటేడు ఆడిటర్ల పోరు పడలేక బ్యాంకువాళ్ళు ఒక పెట్టె కొన్నారు.

ఇనప్పెట్టె కాదు, సర్వర్ గదిలో పెట్టే చిన్న పెట్టె. అటెండరు దగ్గర్నుంచి డైరెక్టర్ల దాకా అందరూ దాన్ని పెట్టె అనే అన్నారు. బిగించడానికి హైదరాబాదు కంపెనీ నుంచి నాగశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ఆ పిల్లది తాడేపల్లిగూడెం అని తెలియగానే వెంకటరమణ గారు, "గూడెమా? ఎవరి తాలూకు తల్లీ?" అని ఆరా తీశారు. "బస్టాండు దగ్గర మా నాన్నకి మెకానిక్ షాపుందండి" అని చెప్పి, ఆ పిల్ల తన పనిలో పడింది.

పని అయ్యాక సర్వర్ గదిలో వెంకటరమణ గార్నీ, ప్రసాదరావునీ, సుమయ్యనీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇకమీదట అడ్మిన్ పాస్‌వర్డు అంటూ మనుషులెవరికీ తెలియదండి. ఈ పెట్టే దాన్ని తయారు చేసుకుంటుంది, గుప్తలిపిలోకి మార్చి తనలోనే దాచుకుంటుంది. ఆ లిపిని విప్పే తాళం లోపలున్న చిప్పులో ఉంటుంది, అది పెట్టె దాటి బయటికి రాదు. ఎవరైనా మూత ఊడదీస్తే అన్నిటినీ అదే చెరిపేసుకుంటుంది. అడ్మిన్ పని పడితే రెండు కార్డులు పెట్టాలి. ఇద్దరు మనుషులు, రెండు కార్డులు, ఎవరి నంబరు వాళ్ళు నొక్కాలి. ఎవరెవరు నొక్కారో పెట్టె రాసుకుంటుంది. ఆ రాసింది ఎవ్వరూ తుడవలేరండి."

ఆఖరి మాట దగ్గర సుమయ్య తలెత్తి చూసింది.

"ఒక కార్డు నాదనుకో. రెండోది ప్రసాదరావుకి ఇద్దాం" అన్నారు వెంకటరమణ గారు. "సుమయ్యకి ఇంటి బాధ్యతలు, పిల్ల, పైగా అప్పుడోసారి ఆ గొడవొకటి అయింది. ఎందుకు ఆడపిల్లకి ఈ బరువు?"

"నాకు సర్వర్ సంగతులేం తెలియవండి" అన్నాడు ప్రసాదరావు నిజాయితీగానే. "అయినా పర్లేదు, కార్డు నా దగ్గరుంటుంది, పని సుమయ్య గారు చేసేస్తారు."

ఎప్పుడూ జరిగేది అదే కాబట్టి గదిలో ఎవరికీ ఆ మాట వింతగా అనిపించలేదు. సుమయ్యకి కూడా ఒక్క క్షణం ప్రాణం హాయిగా అనిపించింది. కార్డు తన దగ్గర లేకపోతే మెమో కూడా తన దగ్గరికి రాదు. వెంటనే ఇంకో సంగతి తోచింది. పని తనది, పేరు ఇంకొకరిది. మళ్ళీ ఏదైనా జరిగితే తప్పు మాత్రం ఎవరి దగ్గరికి నడిచొస్తుందో తనకి తెలియదా?

"పని నేను చేసేటట్టయితే కార్డు నాకే ఇవ్వండి సార్" అంది.

"అదేనండి పద్ధతి" అంది నాగశ్రీ, అక్కడితో ఆ చర్చ అయిపోయినట్టు.

ముందు వెంకటరమణ గారు నంబరు పెట్టుకున్నారు. పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, "నాకు నా ఫోను నంబరే గుర్తుండదు. ఇది కూడా నువ్వే గుర్తుపెట్టుకోవాలమ్మా సుమయ్యా. నేను పెట్టింది..."

"చెప్పకండి సార్."

ఆయన మాటకి అడ్డం వెళ్ళడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదలు. "వింటే నాకు గుర్తుండిపోతుందండి. గుర్తుంటే ఆ పనీ నాదే అయిపోతుంది" అంది. ఆయన "అలాగా" అన్నాడు.

తరవాత సుమయ్య వంతు. మీటల పలక ఆవిడ ముందుకు జరిపి, "ఎవరికీ తెలియని నంబరు పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులూ అవీ వద్దండి" అని చెప్పి నాగశ్రీ తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. "సార్, మీరు కూడా అటు తిరగండి. ప్రసాదరావు గారూ, మీరు కూడానండి."

జనరల్ మేనేజరు అటు తిరిగాడు. ప్రసాదరావు అటు తిరిగాడు. ముగ్గురి వీపులూ చూస్తూ సుమయ్య అలాగే కూర్చుండిపోయింది. ముప్పై అయిదేళ్ళు వచ్చాయి, ఆవిడకంటూ ఒకటి ఉండాలని ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు మొహం తిప్పుకున్నది లేదు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఏడవడానికి ఇదా సమయం అనుకుని, నంబరు కోసం ఆలోచిస్తే ఇంకో చిక్కు వచ్చింది. ఆవిడకు తెలిసిన అంకెలన్నీ ఎవరో ఒకరివే. ఆయన పుట్టిన సంవత్సరం, పాప పుట్టిన తేదీ, పెళ్ళిరోజు, అత్తగారి డాక్టరు ఫోను నంబరు. తనదంటూ ఒక్క అంకె దొరకలేదు. చాలాసేపు వెతుక్కుంది. గోడకేసి చూస్తున్నవాళ్ళు కూడా తొందర పెట్టలేదు. చివరికి ఒకటి దొరికింది, నొక్కింది. అదేమిటో ఈ కథ చెబుతున్నవాళ్ళకి కూడా తెలియదు.

"ఏం నంబరు పెట్టావు?" అని అడిగాడు జాహిద్ ఆ సాయంత్రం, టీ తాగుతూ. పెట్టె సంగతి ఆవిడే ఉత్సాహం పట్టలేక చెప్పింది లెండి.

"చెప్పకూడదండి."

"నాకు కూడానా?"

"ఎవరికీ చెప్పకూడదండి. రూలు."

జాహిద్ మంచివాడే. చెయ్యెత్తడు, గట్టిగా అరవడు. అలగడం ఒకటే తెలుసు ఆయనకి, అది మాత్రం బాగా తెలుసు. పవరుపేటలో వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు ఆయనది. కొల్లేరు చెరువులు పోయాక బేరాలు సన్నగిల్లి, ఇల్లు సుమయ్య జీతం మీదే నడుస్తోందన్న సంగతి ఆయన పైకి అనడు గానీ లోపల మండుతూనే ఉంటుంది. ఆ రోజు నుంచీ అన్నం సగం వదిలేసి లేవడం మొదలుపెట్టాడు. "మొగుడికి చెప్పకూడనిది ఏముంటుందమ్మా ఆడదానికి?" అని అత్తగారు కూర కలుపుతూ, తలుపులేస్తూ, దారిన పోతున్నట్టుగా అంటూనే ఉంది. సుమయ్యకి నోటి చివరిదాకా వచ్చేది. ఒక్క నంబరు, చెప్పేస్తే ఇల్లు మళ్ళీ మామూలైపోతుంది. చెప్పెయ్యి, ఆయనేం చేసుకుంటాడు దాంతో అనిపించేది. అలా అనిపించిన ప్రతిసారీ ముగ్గురు మనుషులు గోడకేసి తిరిగి కూర్చున్నది గుర్తొచ్చి నోరు మూసుకునేది.

పెట్టె సోమవారం నుంచి పనిలోకి దిగాలి. దానికి ముందు ఆదివారం సుమయ్య వంటింట్లో పప్పు రుబ్బుతుంటే, జాహిద్ ఆవిడ బ్యాగులోంచి ఆ కార్డు తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆవిడకి తెలియదు. పొద్దువాలే వేళకి తిరిగొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "నీ కార్డు బస్టాండు దగ్గర ఏటీఎంలో ఇరుక్కుపోయింది" అన్నాడు. తప్పంతా ఏటీఎందే అన్నట్టు చెప్పాడు.

"ఏ కార్డండీ?"

"అదే, బంగారం రంగు చిప్పున్నది. లోపలికి తోశాను, మింగేసింది. నంబరు కూడా అడగలేదు."

సుమయ్య గరిటె చేత్తోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. "దాన్నెందుకు తీశారండీ? అది డబ్బు కార్డు కాదని చెప్పానుగా?"

"చెప్పావులే. నంబరు చెప్పవు, బ్యాగులో జాగ్రత్తగా దాచుకుంటావు. జీతం వేరే ఖాతాలో వేయించుకుంటున్నావేమో అనిపించింది."

"అడగొచ్చుగా?"

"అడిగాను. చెప్పలేదుగా."

"మీరడిగింది నంబరండీ. జీతం గురించి కాదు."

జాహిద్ మొహం చిన్నబోయింది. గోడ మీది క్యాలెండరుకేసి చూస్తూ, "సరే, ఇప్పుడేం చేస్తాం? బస్సులో పోయిందని చెప్పు" అన్నాడు. "నా పేరు మాత్రం ఎత్తకు. పెళ్ళాం కార్డు దొంగిలించి ఏటీఎంలో పెట్టాడని బజార్లో తెలిస్తే నేను కొట్టు తెరవగలనా?"

"అవునమ్మా, మగాడి పరువు" అంది నసీమా బేగం. "నీ వల్ల పోయిందంటే ఏముంది, ఓ మాటంటారు, ఊరుకుంటారు."

ఊరుకోరని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకొక్కసారి అజాగ్రత్త అని పడితే ఉద్యోగం ఉండదని సుమయ్య ఏడుస్తూ చెప్పింది ఈ ఇద్దరికే. తెలిసీ అడుగుతున్నారు. వాళ్ళు దుర్మార్గులని కాదు. ఆవిడ సర్దుకుంటుందని వాళ్ళకి నమ్మకం. ఇన్నేళ్ళూ ఆవిడే ఆ నమ్మకాన్ని నీళ్ళు పోసి పెంచింది. కూరలో ఉప్పెక్కువైతే నా చెయ్యి జారిందంది, పాప పరీక్ష తప్పితే నేను చూసుకోలేదంది. కొట్టులో నష్టం వచ్చినప్పుడు కూడా నా అదృష్టం బాగాలేదంది. అలా ఒక్కొక్కటే తన పేరు మీద రాసుకుంటూ పోయి, ఇప్పుడు సొంత ఉద్యోగం దాకా వచ్చింది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, హాల్లోకి వచ్చి ఫోను తీసి, వాళ్ళిద్దరి ముందే నాగశ్రీకి చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

అవతల నుంచి నాగశ్రీ ముందుగా అడిగింది ఇదే. "నంబరు ఎవరికైనా తెలుసాండీ?"

"లేదండి."

"ఇంట్లో? మీవారికి?"

"ఎవరికీ చెప్పలేదండి" అంది సుమయ్య, జాహిద్‌కేసి చూస్తూ.

"అయితే భయం లేదండి. నంబరు లేకుండా అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. పెట్టెలో ఉన్నవన్నీ భద్రంగా ఉన్నాయి. ఇప్పుడే దాన్ని రద్దు చేయిస్తాను, రేపు కొత్తది ఇస్తాను. ఎలా పోయిందో మాత్రం మీరు రాసివ్వాలండి."

ఫోను పెట్టేసి సుమయ్య గోడకి చేరగిలబడింది. గుండెల మీద ఇంతకాలంగా ఉన్న రాయేదో కదిలింది. చెప్పినందుకు శిక్ష పడిన మనిషిని ఇవ్వాళ చెప్పకపోవడం కాపాడింది. బ్యాంకునీ కాపాడింది, నిజానికి జాహిద్‌ని కూడా కాపాడింది. ఆయనకి నంబరు తెలిసి ఉంటే రేపు ఆయన మీద ఎన్ని అనుమానాలు వచ్చి ఉండేవో. ఆ సంగతి ఆయనకి చెప్పాలనిపించింది గానీ, ఆయన అప్పటికే అటు తిరిగి పడుకున్నాడు.

సోమవారం పొద్దున్నే వెంకటరమణ గారి టేబులు మీద కాగితం పెట్టింది. 'నా భర్త నాతో చెప్పకుండా నా బ్యాగులోంచి కార్డు తీసుకుని ఏటీఎంలో పెట్టారు. అది ఇరుక్కుంది. నంబరు ఆయనకు తెలియదు.' ఆయన చదివి, అద్దాలు పైకి జరిపి, మళ్ళీ చదివాడు. పక్క కుర్చీలో నాగశ్రీ ఉంది.

"ఇదేంటి తల్లీ" అన్నాడు, ఆ మెత్తటి గొంతుతోనే. "ఇంటి సంగతులు కాగితం మీద పెడతారా ఎవరైనా? సంసారం, పరువు... పోయిందని ఒక్క ముక్క రాసెయ్యి. నేను చూసుకుంటాగా."

క్రితంసారి కూడా డైరెక్టర్లకి చెబుతానని ఆయన ఇలాగే అన్నాడు. సుమయ్యకి కోపం వచ్చింది. కోపం వచ్చినా గొంతు పెరగలేదు, 'అండీ' తగ్గలేదు.

"పోలేదు కదండీ. పోయిందని రాస్తే అజాగ్రత్త నాదవుతుంది. ఎవరు చేసింది వాళ్ళ పేరు మీదే ఉండాలనే కదండీ ఈ పెట్టె కొన్నది. మా ఇంట్లో చేసినదైనా అంతే, ఆదివారం బ్యాంకుకొచ్చి చేసినదైనా అంతేనండి."

వెంకటరమణ గారు అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. బయట కౌంటరు దగ్గర ఎవరో పెదవేగి నుంచి వచ్చిన రైతు టోకెన్ కోసం పిలుస్తున్నాడు. నాగశ్రీ నెమ్మదిగా, "కార్డు బయటికెళ్ళింది గానీ నంబరు వెళ్ళలేదు సార్. వెంటనే చెప్పారు కూడా. ఆవిడ చెయ్యాల్సింది ఆవిడ సరిగ్గా చేశారండి. మా రిపోర్టులో అదే రాస్తున్నాను" అంది. ఆయన కాగితం కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

మధ్యాహ్నానికి కొత్త కార్డు చేతికొచ్చింది. మళ్ళీ ముగ్గురూ గోడవైపు తిరిగారు. ఈసారి నంబరు కోసం సుమయ్య వెతుక్కోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి జాహిద్ కొట్టు నుంచి ముందే వచ్చి, వరండాలో కూర్చుని ఉన్నాడు. "రాశావా?" అన్నాడు.

"రాశానండి."

"నా పేరు?"

"మీ పేరు రాయలేదండి. మీరు చేసింది రాశాను."

జాహిద్ తల దించుకున్నాడు. అలుగుతాడనుకుంది సుమయ్య. అలిగితే అన్నం మూతపెట్టి తను తినేద్దామనుకుంది, అప్పటికే గట్టిగా ఆకలేస్తోంది. కానీ ఆయన తలెత్తకుండానే, "ఉద్యోగానికి ఏమన్నా అయిందా?" అని అడిగాడు.

"ఏం కాలేదండి. నంబరు మీకు తెలియదు కాబట్టి ఏం కాలేదు."

ఆయన తలూపాడు. ఊపిరి గట్టిగా వదిలాడు. పాపం పొద్దుట్నుంచీ కొట్టులో ఆ భయంతోనే కూర్చుని ఉంటాడని ఆవిడకి అప్పుడు తెలిసింది. జాలేసింది. జాలేస్తే ఎప్పుడూ లోపలికెళ్ళి టీ పెడుతుంది. ఇవ్వాళ వెళ్ళలేదు, ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని చెయ్యి చాపింది.

"నా జీతం కార్డు ఇవ్వండి."

జాహిద్ ఆ చేతికేసి చూశాడు. వీధి వైపు ఓసారి, అమ్మ ఉన్న గది వైపు ఓసారి చూశాడు. చొక్కా జేబులోంచి కార్డు తీసి, అరిగిన అంచు బొటనవేలితో ఒకసారి రుద్ది, ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళూ ఆవిడ ఒక్కసారి కూడా వాడని కార్డు కదా అని అనుమానం వచ్చినట్టుంది.

"నంబరు గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుందండి. మీరు పుట్టిన సంవత్సరమేగా" అంది సుమయ్య. "రేపు మార్చేస్తాను."